సంపులో నిచ్చెన ఉండాలా?

భోజనాలయ్యాక బల్ల తుడిచి, డ్రాయింగు పరిచి, ఫ్యాను గాలికి లేవకుండా నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టింది అమ్మాయి. బాబాయి కళ్ళజోడు సర్దుకుని కాసేపు చూశాడు.

"నిచ్చెనేదీ?"

"లేదు. కావాలనే పెట్టలేదు."

"మరి సంపులోకి దిగేదెలా?"

"దిగకూడదనే, బాబాయ్."

అక్కడ మొదలైన వాదం రాత్రి పదకొండు దాకా సాగింది. ఆయన పబ్లిక్ హెల్త్ ఇంజనీరింగ్ శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా చేసి రిటైరైనవాడు. డెల్టాలో మంచినీళ్ళ పథకాలూ మురుగునీటి పథకాలూ దగ్గరుండి కట్టించాడు. ఆమె ఆయన అన్నకూతురు, హైదరాబాదులో ఒక డిజైన్ ఆఫీసులో పనిచేస్తోంది. బల్ల మీద ఉన్నది గోదావరి డెల్టాలో యాభై వేల జనాభా ఉన్న ఒక పట్నానికి కట్టబోయే మురుగునీటి పంపింగ్ స్టేషన్.

అసలు పంపులెందుకు అనే ప్రశ్న ఈ నేల మీద రాదు. 1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో కట్టిన ఉస్మాన్‌సాగర్ నుంచి 1920 మొదలు హైదరాబాదుకు నీళ్ళు వాలు మీద వాటంతటవే వచ్చాయి. అదే నగరానికి ఇవాళ కృష్ణా నీళ్ళు వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి, మెట్టు మెట్టుకూ పంపులు ఎక్కిస్తే వస్తున్నాయి. డెల్టాలో ఆ ఎత్తూ లేదు, ఆ వాలూ లేదు. ప్రవాహం తక్కువుండే వీధి గొట్టాలకు కిలోమీటరుకు నాలుగు మీటర్ల దాకా వాలు ఇవ్వాలి. కిలోమీటరున్నర పోయేసరికి గొట్టం ఆరు మీటర్ల లోతుకు చేరుతుంది. ఇంకా తవ్వుకుంటూ పోలేరు గనక అక్కడ ఒక బావి కట్టి, మురుగును పైకి ఎత్తి, శుద్ధి కేంద్రానికి తోయాలి. ఆ బావినే మనవాళ్ళు సంపు అంటారు. దాన్ని ఎంత పెద్దది కట్టాలన్న దగ్గరే ఇద్దరికీ మొదటి తగువు.

అమ్మాయి లెక్క ఇలా ఉంది. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్ళిస్తే అందులో 80 శాతం మురుగై తిరిగొస్తుంది. యాభై వేల మందికి రోజుకు 54 లక్షల లీటర్లు, అంటే సగటున సెకనుకు 62.5 లీటర్లు. కానీ ఊరంతా పొద్దున్నే ఒక్కసారి స్నానాలకూ వంటకూ దిగుతుంది. ఈ జనాభాకు సగటుకు రెండున్నర రెట్లు తీసుకోమని మురుగునీటి పథకాల కేంద్ర ప్రభుత్వ మాన్యువల్ చెబుతుంది. సెకనుకు 156 లీటర్లు. ఒక్కోటి 78 లీటర్లు తోసే పంపులు రెండు నడుస్తాయి, మూడోది ఎదురుచూస్తూ ఉంటుంది. పంపు గంటకు ఆరుసార్లకు మించి ఆన్ కాకుండా ఉండాలంటే, ఆన్ అయ్యే మట్టానికీ ఆగే మట్టానికీ మధ్య 11.7 ఘనమీటర్ల నీళ్ళు పట్టాలి. ఐదు మీటర్ల వ్యాసం ఉన్న బావిలో అది రెండడుగుల ఎత్తు.

"ఐదు మీటర్లు చాలదమ్మా, ఎనిమిది పెట్టు," అన్నాడు బాబాయి. "మీ ఆఫీసులో కరెంటు పోదు. ఇక్కడ గాలివానొస్తే స్తంభాలే పోతాయి. ఆ రెండు గంటలూ మురుగును పట్టి ఉంచేది సంపే."

అమ్మాయి ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసింది. పంపు ఆన్ కావాల్సిన మట్టం నుంచి పొర్లే మట్టం దాకా మీటరున్నర ఉంది. ఐదు మీటర్ల బావి సగటు ప్రవాహానికి ఎనిమిది నిమిషాల్లో నిండుతుంది. బాబాయి అడిగిన ఎనిమిది మీటర్ల బావి ఇరవై నిమిషాల్లో నిండుతుంది. పొద్దున్న రద్దీలో అయితే అదీ ఎనిమిది నిమిషాలే. "రెండు గంటలు ఆపాలంటే చెరువు తవ్వాలి బాబాయ్. ఎనిమిది నిమిషాలకూ ఇరవై నిమిషాలకూ తేడా సిమెంటు ఖర్చే. జనరేటరు పెడదాం. దాన్ని ఎత్తున పెడదాం."

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. లండన్ మాట ఎత్తాడు. 1865లో ఇంజనీరు బాజల్‌జెట్ కట్టిన క్రాస్‌నెస్ స్టేషన్‌లో నాలుగు ఆవిరి ఇంజన్లు మురుగును పెద్ద తొట్లలోకి ఎత్తేవి. థేమ్స్‌లో పోటు తగ్గి నీరు సముద్రం వైపు తిరిగాక వదిలేవారు. దాచిపెట్టడమే తప్పయితే, ఊళ్ళలోంచి కలరాను తరిమిన ఆ ఏర్పాటూ తప్పేనా అని అడిగాడు.

అమ్మాయి జవాబు దగ్గర ఆమె చదువు కనబడుతుంది. మురుగు నిలబడితే అందులో ప్రాణవాయువు అయిపోతుంది, సల్ఫేట్లను తినే సూక్ష్మజీవులు హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతాయి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన దానిదే. అది తడిగోడ మీద ఆమ్లంగా మారి కాంక్రీటును పొరలు పొరలుగా తినేస్తుంది. పదేళ్ళకే సంపు పైకప్పులో ఇనుప చువ్వలు బయటపడేది అందుకే. కొత్త పథకంలో ఇళ్ళ కనెక్షన్లు ఒక్కసారి రావు. మొదట్లో మూడో వంతు మురుగే వస్తుందనుకుంటే, బాబాయి బావిలో ఆ రెండడుగులు నిండడానికే 24 నిమిషాలు పడుతుంది. ఆమె బావిలో తొమ్మిదిన్నర.

ఇక్కడ బాబాయి గెలిచాడు. అది ఆయన అనుభవం గెలిపించిన గెలుపు. "సరే, నీ బావిలో తొమ్మిదిన్నర నిమిషాలు. అక్కణ్ణుంచి శుద్ధి కేంద్రం దాకా కిలోమీటరు రైజింగ్ మెయిన్, అదే పంపులు తోసే గొట్టం, వేశావు కదా. అందులో ఎంతసేపుంటుంది?"

అమ్మాయి మళ్ళీ లెక్క వేసింది. 350 మిల్లీమీటర్ల గొట్టంలో కిలోమీటరుకు 96 ఘనమీటర్లు పడతాయి. మూడో వంతు ప్రవాహానికి, ఒక చుక్క ఇటు దూరి అటు బయటపడడానికి 77 నిమిషాలు. పైగా నిండుగా ఉన్న గొట్టం, గాలి సోకదు.

"సంపులో తొమ్మిది నిమిషాల గురించి అంత బాధపడ్డావు. గంటా పదిహేడు నిమిషాలు గొట్టంలో ఊరబెట్టావు," అన్నాడాయన. డిజైన్ చేసేవాళ్ళలో చాలామంది చూపు సంపు గోడ దగ్గరే ఆగిపోతుంది. గొట్టం వేరే డ్రాయింగులో ఉంటుంది, ఆ డ్రాయింగు వేరేవాళ్ళ బల్ల మీద ఉంటుంది. అమ్మాయి ఎరుపు పెన్నుతో రాసుకుంది: మొదటి ఏళ్ళలో రోజుకొకసారి సంపును నిండనిచ్చి రెండు పంపులూ కలిపి నడిపి గొట్టాన్ని కడగాలి, అవతలి చివర మురుగు ఎత్తునుంచి దూకకుండా నీటి మట్టం కిందనే కలవాలి, లేదంటే గొట్టంలో ఊరిన విషవాయువంతా అక్కడ బయటపడుతుంది.

ఆ గొట్టం వ్యాసం మీద కూడా కాసేపు పట్టుబట్టారు. గొట్టాల ధర చూసేవాళ్ళు 300 మిల్లీమీటర్లు చాలంటారు. అందులో ఘర్షణకే పదహారు మీటర్ల ఎత్తు ఖర్చవుతుంది. 350 వేస్తే ఏడున్నర, 400 వేస్తే నాలుగు. ఎత్తాల్సిన అసలు ఎత్తు తొమ్మిది మీటర్లు. అంటే సన్నగొట్టం వేసిన ఊరు రెండు పంపులూ నడిచే వేళల్లో, ఎత్తడానికయ్యే కరెంటు కంటే గొట్టంతో రాపిడికయ్యే కరెంటుకే ఎక్కువ బిల్లు కడుతుంది, అదీ పంపులున్నన్నాళ్ళూ. అలాగని 400 వేస్తే ఒక్క పంపే నడిచే వేళల్లో మురుగు సెకనుకు 60 సెంటీమీటర్ల చిల్లర వేగంతో కదులుతుంది. ఇసుక అడుగున కూర్చునే అంచు అది. 350 దగ్గర ఒక్క పంపుకే 80 సెంటీమీటర్లు వస్తుంది. ఇద్దరూ అక్కడ కలిశారు.

పంపుల వేగాన్ని తగ్గించి పెంచే డ్రైవుల గురించి అమ్మాయికి ఉన్న ఉత్సాహాన్ని బాబాయి ఒక్క మాటతో సగం తగ్గించాడు. వేగం పావు వంతు తగ్గిస్తే తోసే ఎత్తు దాదాపు సగానికి పడుతుంది. పదహారున్నర మీటర్లు తోసే పంపు తొమ్మిది మీటర్ల చిల్లరకు వస్తుంది. ఎత్తాల్సిందే తొమ్మిది. ఇక నీరు కదిలేదెక్కడ? పంపు తిరుగుతుంది, కరెంటు కాలుతుంది, గుడ్డపీలికలు చక్రానికి చుట్టుకుంటాయి. మెల్లగా ఆన్ చేసి మెల్లగా ఆపడానికి మాత్రం డ్రైవు ఉంచుకోమన్నాడు. మెల్లగా ఆపడం కూడా కరెంటున్నప్పుడు మాటే. ఉన్నట్టుండి కరెంటు పోతే పరుగెడుతున్న కిలోమీటరు నీటి స్తంభం ఆగిపోవాలి. ఆ దెబ్బ అల గొట్టంలో రెండు సెకన్లలో అటు పోయి ఇటు వస్తుంది. పూర్తిగా ఒక్కసారి ఆగితే ఒత్తిడి నూట అరవై మీటర్ల దాకా లేస్తుంది. నాన్ రిటర్న్ వాల్వు ఢాంమని మూసుకునే చప్పుడు విన్నవాళ్ళు ఆ లెక్కను నమ్ముతారు. ఆ దెబ్బను మింగడానికి ఎయిర్ వెసెల్ పెట్టాలన్న దాని మీద వాదమే లేదు.

పెద్ద వాదం పంపు ఎక్కడుండాలన్న దాని మీద వచ్చింది.

బాబాయిది పాత పద్ధతి. మురుగు ఒక గదిలో, పంపులు పక్కన పొడిగదిలో. మెట్లు దిగి పంపు దగ్గరికి పోవచ్చు, బేరింగు మీద చెయ్యి పెట్టి వేడి చూడొచ్చు, గ్లాండు కారుతుంటే బిగించొచ్చు. "చెవి ఉన్న ఆపరేటరు శబ్దాన్ని బట్టే చెప్పేవాడమ్మా, రాయి పడిందో గుడ్డ పడిందో. నీ సబ్‌మెర్సిబుల్ పంపు మురుగులో మునిగి ఉంటుంది. అది ఏమంటోందో ఎవరికి వినబడుతుంది? చెడితే పెద్ద పట్నం వర్క్‌షాపుకు పంపాలి, తిరిగొచ్చేదాకా దినదినగండం."

"పొడిగది పొడిగా ఉన్నన్నాళ్ళే బాబాయ్ అదంతా," అంది అమ్మాయి. 2020 అక్టోబరులో కల్వకుర్తి ఎత్తిపోతల మొదటి పంప్‌హౌస్, ఎల్లూరు దగ్గర, నీట మునిగింది. 2022 జూలైలో గోదావరి వరదకు కాళేశ్వరం ఎత్తిపోతలలోని కన్నెపల్లి పంప్‌హౌస్‌లో అడ్డుగోడ కూలి, ఒక్కోటి 40 మెగావాట్ల మోటార్లు నీళ్ళ పాలయ్యాయి. ఆ రెండూ సాగునీటి పథకాలు, కొండంత యంత్రాలు, మురుగు స్టేషన్‌కు వాటితో పోలికేమిటని బాబాయి అడ్డుపడ్డాడు. గోడలు కూలితే అది మోటారు తప్పు కాదనీ అన్నాడు. అది నిజమే. కానీ ఆమె చెప్పేది గోడ గురించే. నీటి మట్టానికి కింద, ఒక్క గోడను నమ్ముకుని మోటార్లు పెడితే, ఆ గోడ తప్పిన రోజు వెనకాల ఇంకేమీ మిగలదు. సబ్‌మెర్సిబుల్ మునగడానికే పుట్టింది. దానికి భయం ప్యానెల్ బోర్డు గురించే, ఆ బోర్డును వరద గుర్తుకు పైన పెట్టడం మన చేతిలో ఉన్న పని.

బాబాయి ఆ మాటకు వెంటనే బదులివ్వలేదు. పెన్సిలు తీసుకుని డ్రాయింగు మూల ఏదో రాయడం మొదలుపెట్టాడు. డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీళ్ళు. వానాకాలం నేలమట్టం దాకా వస్తాయి. బావి బయటి వ్యాసం ఆరు మీటర్లు, లోతు ఎనిమిది. అంత నీటిని పక్కకు తోసే వస్తువును నీరు 226 టన్నుల బలంతో పైకి లేపుతుంది. అరమీటరు గోడ, 80 సెంటీమీటర్ల అడుగు, కలిపి బరువు 212 టన్నులు.

"పై స్లాబు వేయకముందే వానలొచ్చాయనుకో, నీ సంపు పడవైపోతుంది."

అమ్మాయి ఆ అంకెలను రెండుసార్లు చూసింది. బావులు దించే పని, వరలు వేసే పని కళ్ళారా చూసినవాడికి ఆ భయం ముందే ఉంటుంది. స్లాబు వేశాక లెక్క సరిపోయిందని కంప్యూటరు చెప్పి ఉండొచ్చు. ఖాళీ బావి ఒక వానాకాలం నోరు తెరుచుకుని ఎదురుచూడాల్సి వస్తుందని కంప్యూటరుకు ఎవరూ చెప్పలేదు. పంపింగ్ స్టేషన్ డిజైన్‌లో అసలు కష్టం ఇక్కడుందని ఈ వ్యాసకర్తకు గట్టిగా అనిపిస్తుంది. పంపులు రెండూ చక్కగా తిరిగే రోజుకు డిజైన్ ఎవరైనా చేస్తారు. కరెంటు లేని రోజు, వరద రోజు, సగం కట్టి ఆగిన రోజు, పంపులో చీర పీలిక ఇరుక్కున్న రోజు ఏమవుతుందో గీసి చూపించాలి.

ఆ చీర పీలిక దగ్గరే మళ్ళీ నిచ్చెన మాట వచ్చింది.

"నా సర్వీసులో నిచ్చెన లేని సంపు కట్టలేదు," అన్నాడు బాబాయి. "గుడ్డలు, ప్లాస్టిక్ సంచులు, ఇప్పుడు డైపర్లు, ప్యాడ్లు. ఎంత జల్లెడ పెట్టినా దాటొస్తాయి. పూడిక పేరుకుంటుంది. ఎవరో ఒకరు దిగాలి. నిచ్చెన లేకపోతే తాడు కట్టుకుని దిగుతారు. అది ఇంకా ప్రమాదం."

"నిచ్చెన ఉంటే దిగమంటారు బాబాయ్. ఉంది కదా అని దిగమంటారు."

ఆమె గొంతు మారింది. 2015 నవంబరులో కోజికోడ్‌లో మ్యాన్‌హోల్‌లోకి దిగి ఊపిరాడక చనిపోయిన ఇద్దరు కూలీలు మన ఆంధ్రా వాళ్ళు. వాళ్ళను పైకి లాగుదామని దూకిన అక్కడి ఆటో డ్రైవరు కూడా చనిపోయాడు. ఆ గాలి అలాంటిది. పది లక్షల వంతుల గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ నూరు వంతులకు చేరితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది, గాలి బాగుపడిందనుకుని మనిషి ఇంకో మెట్టు దిగుతాడు. మనుషుల చేత పాకీపని చేయించడాన్నీ, రక్షణ లేకుండా మురుగులోకి దించడాన్నీ నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. మురుగులో చనిపోయినవారి కుటుంబానికి పది లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలు చేసింది. ఈ పోరాటాన్ని దశాబ్దాలుగా నడుపుతున్న బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల్లో పుట్టిన తెలుగు బిడ్డ. ఇంత జరిగినా సంపు డ్రాయింగులో నిచ్చెన గీయడం మాత్రం మానలేదు. ఎందుకంటే పాత డ్రాయింగులో ఉంది గనక.

బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. గ్లాసు ఎత్తి నీళ్ళు తాగి మళ్ళీ మూల మీద పెట్టాడు. "ఒకడుండేవాడు," అన్నాడు చివరికి. "దిగేముందు అగరొత్తి వెలిగించి దణ్ణం పెట్టుకునేవాడు. మేం పైన నిలబడి చూసేవాళ్ళం. అది వాడి పని అనుకున్నాం." ఆ మనిషికి ఏమైందో ఆయన చెప్పలేదు, అమ్మాయీ అడగలేదు.

తర్వాత వాదం లేదు, పని ఉంది. దిగకుండా బాగుచేయాలంటే ఏం కావాలి? పంపు గైడు గొట్టాల మీద జారి దిగి తన బరువుతోనే గొట్టానికి అతుక్కోవాలి, గొలుసు పట్టి లాగితే ఊడి పైకి రావాలి. అది ఆమె డ్రాయింగులో ముందే ఉంది. కానీ గొలుసు లాగేదెవరు? పైన ఇనుప దూలమూ చైన్ పుల్లీ లేకపోతే నలుగురు మనుషులు అంచున నిలబడి లాగాలి. దూలం గీశారు. పంపు పైకి రావడానికి, బండిలోకి ఎక్కించడానికి సరిపడా మూత ఉందో లేదో చూశారు, చాల్లేదు, పెంచారు. పూడిక తీయాలంటే? ఇక్కడ బాబాయి సంపు మధ్యలో నిలువుగా ఒక గోడ గీశాడు. రెండు అరలు, మధ్య గేటు, ఒక్కో అరకు రెండు పంపులు. మురుగునంతా ఒక అరలోకి మళ్ళించి, రెండో అరను పంపుతో ఖాళీ చేసి, పైనుంచే నీటి జెట్‌తో కడిగి, సక్షన్ బండితో లాగేయొచ్చు. స్టేషన్ ఆగక్కర్లేదు.

నాలుగో పంపుకు డబ్బెక్కడిదని అమ్మాయి గొణిగింది. ఆయన పెన్సిలుతో మూలన ఉన్న పాత లెక్క చూపించాడు. 30 సెంటీమీటర్ల మధ్యగోడ బరువు 27 టన్నులు. 212కు అది కలిపితే 239. పడవ కాబోయిన బావి నేలకు ఆనుతుంది. అడుగు స్లాబు అంచును చుట్టూ కాస్త బయటికి చాపి దాని మీద మట్టి కూర్చోబెడితే కావాల్సిన భద్రతా వస్తుంది. ఆ ఒక్క గీత రెండు పనులు చేసింది. అమ్మాయి లేచి బాబాయి భుజం మీద చెయ్యి వేసింది.

పొంగితే మురుగు ఎటు పోవాలన్నది మిగిలింది. డ్రాయింగులో పొర్లుగొట్టం పక్కనున్న కాలువలోకి చూపించి ఉంది, దగ్గర గనక. బాబాయి దాన్ని అడ్డంగా కొట్టేశాడు. డెల్టాలో కాలువంటే తాగునీరు. దిగువనున్న ఊళ్ళన్నీ ఆ కాలువ నుంచే మంచినీళ్ళ చెరువులు నింపుకుంటాయి. ఇక్కడ గంటసేపు పొర్లితే అక్కడ బిందెల్లోకి చేరుతుంది. పొర్లు నీరు ఇంకా రెండు వందల మీటర్లు పోయినా మురుగు డ్రైనులోకే కలవాలి. జనరేటరు పెట్టేది ఆ పొర్లుడు అవసరమే రాకుండా చూడడానికి.

ఆఖరున ఆపరేటరు మాట వచ్చింది. ఫ్లోట్ స్విచ్‌లు, సెన్సర్లు, ఫోన్‌కు మెసేజీలు ఉన్నాయి గనక మనిషి అక్కర్లేదని డ్రాయింగులో గది తీసేశారు. 2005లో కత్రినా తుఫానప్పుడు న్యూ ఆర్లీన్స్‌ను ఆనుకుని ఉన్న జెఫర్సన్ పారిష్‌లో జరిగింది అమ్మాయే చెప్పింది. ప్రాణాలు కాపాడాలని పంపు ఆపరేటర్లను ముందే దూరం పంపేశారు. పంపులు ఆగాయి, నీరు వెనక్కి తన్ని ఇళ్ళు మునిగాయి. తర్వాత ఆ స్టేషన్లలోనే తుఫాను తట్టుకునే గదులు కట్టారు, ఆపరేటరు అక్కడే ఉండి పంపు నడిపేలా. చెబుతూ చెబుతూనే ఆమె గదిని మళ్ళీ గీసింది. వరద గుర్తుకు పైన, ప్యానెల్ బోర్డు పక్కన, రెండు కిటికీలతో.

"దొడ్డి?" అన్నాడు బాబాయి.

ఆమె చూసింది. యాభై వేల మంది మరుగుదొడ్ల నీటిని ఎత్తే స్టేషన్‌లో, రాత్రంతా కాపలా ఉండే మనిషికి మరుగుదొడ్డి లేదు. ఆయన కట్టించిన వాటిలోనూ లేదని ఆయనే చెప్పాడు. గది మూలన నాలుగడుగుల చదరం గీసి, ఆ గొట్టాన్ని సంపులోకే కలిపారు.

మీ ఊళ్ళో ఇలాంటి స్టేషన్ కడుతుంటే ఒకసారి వెళ్ళి చూడండి. సంపు మూత మీద ఇనుప దూలం ఉందో లేదో కింద నిలబడి చూస్తే చాలు కనిపిస్తుంది, ఇంజనీరు కానక్కర్లేదు. దూలం లేక, లోపల గోడకు నిచ్చెన మాత్రమే ఉంటే, ఎవరు దిగుతారని వార్డు సభలో అడగండి. స్లాబు వేయకముందే అడగండి.